ప్రభుత్వ పాఠశాలలో ట్రాన్స్‌జెండర్ విద్యార్థి హక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని జిల్లా పరిషత్, మున్సిపల్, గురుకుల, కస్తూర్బా, ఎయిడెడ్ పాఠశాలల్లో చదివే ట్రాన్స్‌జెండర్ పిల్లల (పుట్టినప్పుడు నమోదైన లింగానికి భిన్నంగా తమను తాము గుర్తించుకునే పిల్లల) కోసం, వారి తల్లిదండ్రుల కోసం, వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయుల కోసం ఈ సమాధానాలు రాశాము. ఒక సంగతి ముందుగానే చెప్పాలి. జిల్లా కలెక్టరు ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రం చేతికి వచ్చే దాకా బడి ఏ బాధ్యతా వహించనక్కర లేదన్న అభిప్రాయం చాలా చోట్ల బలంగా నాటుకుపోయింది. అది సరికాదు. పిల్లలకున్న ముఖ్యమైన హక్కులలో ఎక్కువ భాగం ఆ పత్రంతో సంబంధం లేకుండానే వర్తిస్తాయి.

మా బిడ్డకు గుర్తింపు పత్రం ఏదీ లేదు. అయినా బడిలో చేర్చుకోవాలా?

చేర్చుకోవలసిందే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల లోపు ప్రతి బిడ్డకూ దగ్గరలోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో సైతం ప్రవేశం నిరాకరించరాదని ఆ చట్టంలోని 14వ సెక్షన్ చెబుతుంటే, లింగ గుర్తింపుకు పత్రం లేదని వెనక్కి పంపడానికి ఆధారమే ఉండదు. అవమానాలు భరించలేక బడి మానేసి ఏడాదో రెండేళ్లో ఇంట్లో ఉండిపోయిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, తక్కిన పిల్లలతో సమానంగా అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతుంది. ఈ సెక్షన్‌ను అడిగే తల్లిదండ్రులు తక్కువ. ట్రాన్స్‌జెండర్ పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడేది మాత్రం ఇదే.

ఈ హక్కులకు మూలం ఏ చట్టంలో ఉంది?

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, ఎ.కె. సిక్రీలు ఇచ్చిన తీర్పు దీనికి పునాది. జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ స్వయంగా పిటిషనర్‌గా వెళ్లిన ఆ కేసులో, రాజ్యాంగంలోని 14, 15, 16, 19, 21 అధికరణాల రక్షణ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు పూర్తిగా వర్తిస్తుందని కోర్టు తేల్చి చెప్పింది. దాని తరువాత పార్లమెంటు 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చేసింది. అది 2020 జనవరి 10 నుంచి అమలులోకి వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరులో నియమాలు వెలువడ్డాయి. ఆ చట్టంలోని 3వ సెక్షన్ విద్యాసంస్థలో ప్రవేశం నిరాకరించడాన్ని, చదువు మధ్యలో ఆపించడాన్ని, అన్యాయంగా చూడడాన్ని నిషేధిస్తుంది. 13వ సెక్షన్ చదువుతో పాటు ఆటల్లోను, వినోద కార్యక్రమాల్లోను వివక్ష లేని అవకాశం ఇవ్వాలంటుంది.

ఈ రక్షణ ఎందుకు అవసరమైందో లెక్కలు చెబుతాయి. 2011 జనాభా లెక్కల్లో మగ, ఆడ కాక ‘ఇతరులు’ అన్న గడిలో నమోదైనవారు దేశం మొత్తం మీద 4,87,803 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. దేశం మొత్తం మీద ఈ ‘ఇతరుల’లో అక్షరాస్యత సుమారు 56 శాతం కాగా దేశ సగటు 74 శాతం. ఈ తేడాకు పిల్లల తెలివితేటలతో సంబంధం లేదు. ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో బడిలో బతకలేని పరిస్థితి రావడమే దానికి కారణమని ఆ పిల్లలతో పనిచేసేవారందరికీ తెలుసు.

పద్నాలుగేళ్లు దాటితే ఏమవుతుంది? ప్రైవేటు బడి సంగతేమిటి?

విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగిపోయినా, 2019 చట్టంలోని 13వ సెక్షన్‌కు వయోపరిమితి లేదు. తొమ్మిది, పది తరగతులకూ, ఇంటర్‌కూ అది వర్తిస్తుంది. ప్రభుత్వ నిధులు పొందే సంస్థలతో పాటు ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలన్నీ దాని పరిధిలో ఉన్నాయి కనుక గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికి మినహాయింపు లేదు. 2025 అక్టోబరు 17న జేన్ కౌశిక్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే మరింత గట్టిగా చెప్పింది. ఆ కేసు ఒక ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయురాలిది. ఉత్తరప్రదేశ్‌లో ఒక ప్రైవేటు బడిలో ఆమె ఉద్యోగం పోయింది, గుజరాత్‌లో మరొకటి ఇస్తామన్న ఉద్యోగంలో చేరనివ్వలేదు. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా కేంద్రం, రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే ఉంచాయని కోర్టు తప్పుబట్టి, పరిహారం ఇప్పించి, సమాన అవకాశాల విధానం రూపొందించడానికి ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి ఆశా మీనన్ అధ్యక్షతన కమిటీని నియమించింది.

జుట్టు పెంచుకున్నాడని ప్రార్థన సమయంలో అందరి ముందూ కత్తిరించారు. ఇది క్రమశిక్షణ కిందికి వస్తుందా?

రాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. అందరి ముందు జుట్టు కత్తిరించడం, మగపిల్లల వరుసలో నిలబెట్టి నడక అనుకరించి నవ్వించడం, ‘ఆడంగి’ అని పిలవడం, చున్నీ వేసుకున్నందుకు గేటు దగ్గర ఎండలో నిలబెట్టడం, ఇవన్నీ ఆ నిర్వచనంలోకి వస్తాయి. అటువంటి ఉపాధ్యాయుడిపై సర్వీసు నిబంధనల ప్రకారం శాఖాపరమైన చర్య తీసుకోవాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఇక పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవారు వారిని మానసికంగా గాని శారీరకంగా గాని అనవసరమైన బాధకు గురిచేస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద అది క్రిమినల్ నేరం.

యూనిఫాం విషయం కొంచెం వేరు. ట్రాన్స్ అమ్మాయి (మగబిడ్డగా నమోదై, తనను అమ్మాయిగా గుర్తించుకునే బిడ్డ) చుడీదార్ వేసుకోవచ్చనో, ట్రాన్స్ అబ్బాయి (ఆడబిడ్డగా నమోదై, తనను అబ్బాయిగా గుర్తించుకునే బిడ్డ) ప్యాంటు వేసుకోవచ్చనో పేరు పెట్టి చెప్పిన సెక్షన్ ఏదీ లేదు. అయితే తన లింగ భావనను దుస్తుల ద్వారా, మాట ద్వారా, నడవడి ద్వారా వ్యక్తం చేసుకోవడం 19వ అధికరణం కింది భావవ్యక్తీకరణ స్వేచ్ఛలో భాగమని 2014 తీర్పు స్పష్టంగా అంది. యూనిఫాం ఉండాలని బడి పట్టుబట్టవచ్చు. ఆ రెండు రకాల యూనిఫాంలలో బిడ్డకు ఏది తగినదో పుట్టినప్పటి నమోదును బట్టి మాత్రమే తేల్చడం ఈ తీర్పు ముందు నిలవదు. ఆచరణలో చాలా బడులకు ఒక తేలిక మార్గం ఉంది. అందరికీ ప్యాంటు, షర్టు అనుమతించే తీర్మానం పాఠశాల యాజమాన్య కమిటీలో చేస్తే ఏ ఒక్క బిడ్డా వేలెత్తి చూపించుకోకుండా బయటపడుతుంది.

రికార్డుల్లో పాత పేరే ఉంది. హాజరు పిలిచేటప్పుడు కొత్త పేరుతో పిలవవచ్చా?

పిలవవచ్చు. హాజరు పట్టీలో అధికారిక పేరు ఉండాలన్నది నియమం, దాన్నే గొంతెత్తి చదవాలన్నది నియమం కాదు. ఇంటి పేరుతో, ముద్దు పేరుతో, రోల్ నంబరుతో పిలిచే అలవాటు మన బడుల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. దీనికి ఏ అధికారి అనుమతీ అవసరం లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. అయినా ఉపాధ్యాయులు అన్నిటికన్నా ఎక్కువగా తటపటాయించేది ఇక్కడే. ప్రతి ఉదయం నలభై మంది ముందు తనది కాని పేరుకు ‘ప్రెజెంట్ సార్’ అనాల్సి వచ్చే బిడ్డ వారానికి రెండు రోజులు రాకపోవడం మొదలుపెట్టి, చివరికి హాజరు చాలక పరీక్షకు దూరమవుతుంది. ఇది ఆ ఒక్క మాటతో ఆపగలిగిన నష్టం.

పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు, లింగం ఎలా మారుతాయి?

వీలైతే పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల వివరాల జాబితా) పంపకముందే ఈ పని ముగించుకోవాలి. ఎందుకంటే ప్రవేశ రిజిస్టరులో ఉన్న వివరమే నామినల్ రోల్‌కు, అక్కడి నుంచి మార్కుల మెమోకు, బదిలీ పత్రానికి (టీసీకి), ఆ తరువాత కాలేజీకీ ఉద్యోగానికీ పాకుతుంది. ప్రవేశ రిజిస్టరు, యూడైస్ (బడుల, విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదు, ఆధార్, ఈ మూడింటిలోనూ ఒకే వివరం ఉండేలా చూసుకుంటే తరువాతి తిరుగుళ్లు చాలా తగ్గుతాయి.

2019 చట్టం ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు, ఇచ్చే గుర్తింపు పత్రాన్ని బట్టి అన్ని అధికారిక పత్రాల్లోనూ లింగం నమోదు చేయాలి. విద్యార్హత పత్రాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. దరఖాస్తు చేసిన 15 రోజుల్లో మార్పు చేయాలని 2020 నియమాలు గడువు పెట్టాయి. సవరించిన పత్రం మీద పాత క్రమసంఖ్యే ఉండాలని కూడా ఆ నియమాలు అన్నాయి. మీ మెమో మీది హాల్‌టికెట్ నంబరు మారకపోతే, పాత, కొత్త పత్రాలు ఒకే వ్యక్తివని ఎక్కడైనా నిరూపించుకోగలుగుతారు కనుక ఈ చిన్న నియమం విలువ పెద్దది. పరీక్షల విభాగం ‘ఒకసారి ఇచ్చిన సర్టిఫికెట్ మార్చే నిబంధన మాకు లేదు’ అని జవాబిస్తే, ఆ జవాబును రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. పార్లమెంటు చేసిన చట్టం ముందు బోర్డు పాత నిబంధన నిలవదు, హైకోర్టుకు వెళ్లవలసి వస్తే ఆ కాగితమే మీకు ఆధారమవుతుంది.

ఆ గుర్తింపు పత్రం మైనరుకు ఇస్తారా?

ఇస్తారు. చట్టం చేసినప్పటి పాఠం ప్రకారం 18 ఏళ్లలోపు బిడ్డ తరఫున తల్లి గాని తండ్రి గాని సంరక్షకుడు గాని దరఖాస్తు పెట్టాలి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2020 నవంబరులో ప్రారంభించిన జాతీయ ట్రాన్స్‌జెండర్ పోర్టల్ ద్వారా ఇంటి నుంచే పెట్టే వీలు ఏర్పడింది. పత్రం ఎవరికి, ఏ షరతులతో, ఏ పరిశీలన తరువాత ఇవ్వాలన్నదే ఈ చట్టంలో అన్నిటికన్నా ఎక్కువ వాదోపవాదాలకు గురైన భాగం. అందువల్ల దరఖాస్తు పెట్టే రోజుకు అమలులో ఉన్న పాఠాన్ని సవరణలతో సహా జిల్లా న్యాయసేవల సంస్థలో చూపించుకున్నాకే ముందుకు వెళ్లండి. పత్రం వచ్చినా, ఆలస్యమైనా, తిరస్కరించినా పైన చెప్పిన విద్యాహక్కులు మారవు.

బిడ్డ నాకు మాత్రమే చెప్పింది, ఇంట్లో తెలియదు. ఉపాధ్యాయురాలిగా తల్లిదండ్రులకు చెప్పాలా?

ఇలాంటి విషయం తెలిసిన వెంటనే ఇంటికి కబురు పెట్టాలని ఉపాధ్యాయులను ఆదేశించే చట్టం మన దేశంలో లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రకటించింది. లింగ గుర్తింపు ఆ గోప్యతలో అంతర్భాగం. కాబట్టి స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడుకునే విషయంగా దాన్ని మార్చడం తప్పు. మిగతా ఉపాధ్యాయులలో ఎవరికి తెలియాలో, ఎంత వరకు తెలియాలో ఆ బిడ్డను అడిగే నిర్ణయించాలి.

తల్లిదండ్రులు బాధ్యులే, చాలామంది నెమ్మదిగా అయినా అర్థం చేసుకుంటారు. అలాగని ఇంట్లో తెలిసిన రాత్రే దెబ్బలు తిన్న పిల్లలూ, చదువు మాన్పించి దూరపు బంధువుల ఊరికి పంపేసిన పిల్లలూ, బలవంతంగా పెళ్లి చేసేసిన పిల్లలూ ఉన్నారు. ‘అమ్మకు తెలిస్తే ఏమవుతుందని నీకు అనిపిస్తోంది?’ అని ముందు అడగండి. బిడ్డ భయపడుతుంటే ఆ భయం నిజమేనని భావించి నడుచుకోండి. ఒక్క మినహాయింపు గుర్తుంచుకోవాలి. లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, దాచిపెట్టడం నేరం. ఆత్మహత్య ఆలోచన కనిపించినా ఒంటరిగా మోయకుండా వెంటనే సహాయం తీసుకోవాలి.

ఇంట్లోంచి గెంటేశారు. ఇప్పుడు బిడ్డ ఎక్కడికి వెళ్లాలి?

ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని, బిడ్డ మేలు కోరి కోర్టు ఆదేశిస్తే తప్ప అది కుదరదని 2019 చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. ఇంటి నుంచి బలవంతంగా వెళ్లగొట్టడం 18వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు శిక్ష పడే నేరం. వెంటనే చేయవలసింది బాలల సహాయ నంబరు 1098కి ఫోన్. 24 గంటల్లో బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఉండడానికి చోటు, చదువు కొనసాగింపు ఆ కమిటీ చూస్తుంది. ఉండే చోటు మారినందువల్ల బడి మారవలసి వస్తే పాత బడి ప్రధానోపాధ్యాయులు (హెచ్‌ఎం) టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి ప్రవేశం ఆపకూడదు.

ఇలాంటి బిడ్డను ఆదరించిన ట్రాన్స్‌జెండర్ పెద్దవాళ్లను పోలీసులు అనుమానించడం ఇక్కడ పాత సమస్య. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాద్ సంస్థానంలో చేసిన ఒక చట్టం ఈ సముదాయం మొత్తాన్ని పిల్లలను ఎత్తుకుపోయేవారిగా చూసి, పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్‌రెడ్డి ఇచ్చిన ఆ తీర్పు తరువాత ఆ అనుమానానికి చట్టం అండ లేదు.

ఏ మరుగుదొడ్డి వాడాలి?

బడి మరుగుదొడ్ల గురించి విడిగా చట్టం లేదు. 2020 నియమాలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తగిన వసతి కల్పించాలని చెబుతూ అందరూ వాడుకోగల మరుగుదొడ్లను ఉదాహరణగా చూపాయి. స్వచ్ఛభారత్ కింద 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా తమకు నచ్చిన వైపు వాడుకునే వీలు ఇవ్వాలన్నాయి. చాలా బడుల్లో దివ్యాంగుల కోసం లోపలి నుంచి గడియ పడే ఒక మరుగుదొడ్డి ఉంటుంది. దాన్ని తాళం వేసి ఉంచకుండా ఎవరైనా వాడుకునేలా తెరిచి ఉంచితే ఆ రోజే సమస్య తీరుతుంది. అయితే అది బిడ్డ ఇష్టపడితేనే జరగాలి. ‘నువ్వు అక్కడికే వెళ్లాలి’ అని వేరు చేస్తే అది మళ్లీ వివక్షే. బడి గంటల్లో నీళ్లు తాగకుండా ఉండిపోయే పిల్లలు, నెలసరి రోజుల్లో బడికి రాని ట్రాన్స్ అబ్బాయిలు మీ తరగతిలో ఉండవచ్చు. ప్యాడ్లూ చెత్తబుట్టా ఆ మరుగుదొడ్డిలోనూ ఉంచండి.

గురుకులం, హాస్టల్ విషయంలో ఏం చేయాలి?

అన్నిటిలోకీ కష్టమైన ప్రశ్న ఇది. మన రెండు రాష్ట్రాల్లోనూ గురుకులాలు ఎక్కువగా బాలురకూ బాలికలకూ వేర్వేరుగా ఉన్నాయి, కస్తూర్బా విద్యాలయాలు బాలికలవే. రాత్రిపూట డార్మిటరీలో ట్రాన్స్ అమ్మాయిని ముప్పై మంది మగపిల్లల మధ్య పడుకోబెట్టడం ఆ బిడ్డ భద్రతను గాలికి వదిలేయడమే. బాలికల బడిలో చేర్చుకోవాలా అన్నదానిపై నేరుగా తేల్చిన తీర్పు మన హైకోర్టులలో లేదు. ట్రాన్స్ మహిళను మహిళ కాదనడం వివక్ష అని, పిల్లలను కనలేకపోవడం అందుకు కారణం కాజాలదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో భర్త, అత్తింటివారి వేధింపుల ఫిర్యాదు కేసులో అంది. ప్రవేశం కోరే దరఖాస్తులో ఆ తీర్పును ఆధారంగా చూపవచ్చు. ఇప్పటికే సీటు ఉన్న బిడ్డను ‘సర్దుకోలేము’ అంటూ టీసీ ఇచ్చి పంపడం మాత్రం చట్టవిరుద్ధం. విడి గది గాని, వార్డెన్ గదికి దగ్గరి చోటు గాని, స్నానానికి వేరే సమయం గాని ఏర్పాటు చేయడం సంస్థ బాధ్యత.

తోటి పిల్లలో ఉపాధ్యాయుడో వేధిస్తుంటే ఏ రక్షణ ఉంది?

ప్రతి విద్యాసంస్థలోనూ వేధింపులు, వివక్ష ఎదురైతే ఆశ్రయించడానికి ఒక కమిటీ ఉండాలని, వేధించినవారు, వారు ఉపాధ్యాయులైనా సరే, బిడ్డకు ఎదురుపడకుండా చూసే అధికారం దానికి ఉండాలని 2020 నియమాలు చెబుతున్నాయి. 2019 చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిన 15 రోజుల్లో విచారణ ముగించాలి.

శిక్షల విషయంలో 2019 చట్టం బలహీనమైనది. లైంగిక దాడికి సైతం 18వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే కావడం మీద మొదటి నుంచీ ఉన్న అభ్యంతరం న్యాయమైనది. బాధితులు 18 ఏళ్లలోపు వారైతే పోక్సో కింద కేసు పెట్టమని పట్టుబట్టండి. ఆ చట్టంలో బిడ్డ అంటే 18 ఏళ్లలోపు ఏ వ్యక్తి అయినా, ఆడా మగా అన్న తేడా లేదు. విద్యాసంస్థ సిబ్బంది అత్యాచారానికి పాల్పడితే కనీస శిక్ష ఇరవై ఏళ్లు. స్టేషనులో ‘ఇలాంటివాళ్ల కేసు ఏ సెక్షన్ కిందికి వస్తుందో’ అని వాయిదా వేస్తే ఈ ఒక్క సంగతి చెప్పండి.

ఆటల్లో, ఎన్‌సీసీలో పాల్గొనవచ్చా?

2019 చట్టం 13వ సెక్షన్ ఆటలను పేరు పెట్టి చెప్పింది కనుక బడి స్థాయిలో పక్కన కూర్చోబెట్టడం కుదరదు. ట్రాన్స్ యువతికి ఎన్‌సీసీలో ప్రవేశం నిరాకరించరాదని కేరళ హైకోర్టు 2021 మార్చిలో తీర్పు ఇచ్చింది.

కౌన్సెలింగ్ చేయించి ‘మామూలుగా’ మార్చి తీసుకురమ్మని హెచ్‌ఎం అన్నారు.

అటువంటి చికిత్స లేదు. బలవంతంగా మార్చే ప్రయత్నం వైద్యులకు వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. ఈ ఆదేశం వెనుక మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ 2021 నుంచి ఇచ్చిన ఉత్తర్వులున్నాయి. దిగులు, నిద్రలేమి, భయం ఉంటే వాటికి కౌన్సెలింగ్ తప్పకుండా ఇప్పించండి. ఉపాధ్యాయులకు శిక్షణ లేకపోవడం ఈ మాటలకు అసలు కారణం. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2021లో ఉపాధ్యాయుల కోసం మంచి కరదీపిక తయారుచేసి, అభ్యంతరాలు రాగానే వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ నిర్ణయం పిల్లలకు నష్టమే చేసింది.

రిజర్వేషన్, స్కాలర్‌షిప్ ఉన్నాయా?

సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా పరిగణించి విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వాలని 2014 తీర్పు ఆదేశించింది, అమలు మాత్రం రాష్ట్రానికొక తీరుగా ఉంది. కేంద్రం 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన స్మైల్ పథకంలో తొమ్మిదో తరగతి నుంచి స్కాలర్‌షిప్ ఉంది. దీనికి గుర్తింపు పత్రం కావాలి. 2020 జాతీయ విద్యా విధానం బాలికలతో పాటు ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల కోసం ప్రత్యేక నిధిని ప్రతిపాదించింది.

ఫిర్యాదు ఎవరికి, ఎలా రాయాలి?

మొదట హెచ్‌ఎంకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకోండి. జరిగింది మాత్రమే రాయండి: ఏ రోజు, ఏ పీరియడ్‌లో, ఎవరు, ఏ మాట అన్నారు, చూసినవారు ఎవరు. వారం దాటితే మండల విద్యాధికారికి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారికి (డీఈఓ), వారి నుంచి కదలిక లేకపోతే కలెక్టరుకు, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు పంపండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఇచ్చిన ఫిర్యాదును మూడు నెలల్లో పరిష్కరించాలి. దెబ్బలు, బెదిరింపు, లైంగిక వేధింపు ఉంటే ఈ మెట్లేవీ ఎక్కకుండా నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లండి.

న్యాయవాది ఖర్చు గురించి భయపడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ప్రతి బిడ్డకూ కుటుంబ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. న్యాయసహాయ నంబరు 15100కి ఫోన్ చేయవచ్చు, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవల సంస్థకు వెళ్లవచ్చు. ఫిర్యాదుతో పాటే సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టి, ఆ బడిలో ఫిర్యాదుల అధికారి ఎవరు, కమిటీని ఏ తేదీన వేశారు, దాని ఉత్తర్వు నకలు ఇవ్వండి అని అడగండి. ఫీజు పది రూపాయలకు మించని ఆ దరఖాస్తుకు ముప్పై రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. ఇప్పటిదాకా కమిటీ వేయని బడి ఆ ముప్పై రోజుల్లో వేసుకోక తప్పని పరిస్థితి ఏర్పడుతుంది.